పెన్నమ్మ చెల్లెలు

మాగడి రోడ్డులో మేమున్న వఠారంలో ఆరు కాపురాలకు కలిపి ఒకటే నల్లి. నల్లి అంటే కుళాయి. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు మాది. నల్లి, సంపు, తొట్టి, గలాటా, ఇవన్నీ అచ్చ తెలుగు మాటలేననుకుంటూ పెరిగాను. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మా గుంటూరు అత్తగారితో, "చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నల్లి దగ్గరే కూర్చునేదాన్ని అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు ఇంట్లో మంచాలన్నీ ఎండలో ఉన్నాయి.

నీళ్ళు మూడున్నరకో నాలుగుకో వచ్చేవి. వచ్చే ముందు నల్లి దగ్గేది. పైపులోని గాలి ముందు తోసుకొచ్చి ఖళ్ ఖళ్‌మని రెండుసార్లు దగ్గి, తర్వాత తుప్పురంగు నీళ్ళు ఒక చెంబెడు కక్కి, ఆపైన అసలు నీళ్ళు విడిచేది. ఆ దగ్గు వినపడగానే ఆరు తలుపుల గడియలూ ఒకేసారి తీసిన చప్పుడు. వరుస మాత్రం రాత్రే ఖాయమయి ఉంటుంది, బిందెలు ముందే పెట్టేస్తాం కాబట్టి. మాది నీలం ప్లాస్టిక్ బిందె, మూతి దగ్గర కాలిన మచ్చ గుర్తు. మొదటి వరసలో ఇంటికి మూడు బిందెలు. ఓనరమ్మ మెట్ల మీద శాలువా కప్పుకుని కూర్చుని లెక్క చూసేది. నాలుగో బిందె పట్టామంటే ఆ రోజంతా వఠారంలో అదే కథ.

మా నాయనది హిందూపురం పక్కన పెన్న ఒడ్డు పల్లె. ఒడ్డు అనడమే గానీ, ఏట్లో నీళ్ళు చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇసుకలో చెలమ తవ్వి, నీళ్ళూరేదాకా పక్కన కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడి కడవ నింపుకున్న పిల్లవాడు. ఆ కథ మాకు అన్నం తిన్నన్నిసార్లు చెప్పుంటాడు. పద్దెనిమిదేళ్ళకు బెంగళూరు వచ్చి అవెన్యూ రోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా, అంటే అచ్చుకు సీసం అక్షరాలు పేర్చే పనికి, చేరాడు. కన్నడమూ తెలుగూ రెండూ కూర్చేవాడు. పెళ్ళి పత్రికల కాలంలో ఇంటికొచ్చేసరికి రాత్రి పదయ్యేది. వేళ్ళ సందుల్లో నలుపు పోవడానికి రెండు చెంబులు పట్టేది. అమ్మ ఆ రెండు చెంబులూ లెక్కపెట్టేది.

ఒకరోజు తెల్లవారుజామున పక్కింటి సేలం అక్కకూ మా అమ్మకూ ఒక బిందె దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరు ఎవరి బిందె జరిపారన్నది ఇప్పటికీ తేలలేదు. అక్క అరవంలో, అమ్మ తెలుగులో, మధ్యలో ఓనరమ్మ కన్నడంలో. నాయన దుప్పటి ముసుగు తీసి, "నీళ్ళు యాడనుంచి వస్తాండాయో ఒక్కరికీ తెల్దు, కొట్లాట మాత్రం కావాల" అన్నాడు. అమ్మ లోపలికొచ్చి, "నీకు తెలుసా?" అంది.

ఆయనకు తెలుసు. అంతకు ముందు నెలే బెంగళూరు నీళ్ళ గురించి కన్నడంలో ఒక చిన్న పుస్తకం ప్రెస్సులో కంపోజింగుకొచ్చింది. అక్షరం అక్షరం ఏరి స్టిక్కులో, అంటే అక్షరాలు పేర్చే చేతి చట్రంలో, పెట్టినవాడు మరిచిపోవడం ఎట్లా? మాకు పాఠంలా అప్పజెప్పాడు. 1894లో హెసరఘట్ట దగ్గర అర్కావతికి అడ్డం కట్టి ఊరికి నీళ్ళు తెచ్చారంట. 1925లో వానల్లేక ఆ చెరువు ఎండిపోయిందంట. అప్పుడు విశ్వేశ్వరయ్యగారిని పెద్దగా పెట్టి ఒక కమిటీ వేస్తే, అదే ఏరు మీద ఇంకా దిగువన, కుముద్వతి వచ్చి కలిసేచోట తిప్పగొండనహళ్ళి దగ్గర కట్టమన్నారంట. 1933లో అయిపోయిందంట. 'చామరాజ సాగర' అని రాజుగారి పేరు పెట్టారు గానీ ఊళ్ళో అందరికీ అది టీజీ హళ్ళే. కావేరి నీళ్ళు 1974లో గానీ రాలేదు. ఆ తర్వాత కూడా ఊరికి పడమటి దిక్కున చాలా ఇళ్ళకు ఈ నీళ్ళే.

విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు దగ్గర నాయన ఎప్పుడూ ఒక నిమిషం ఆగేవాడు. "మోక్షగుండం అంటే ప్రకాశం జిల్లాలో ఊరు, మనోళ్ళే." మూసీ వరద తర్వాత హైదరాబాదుకు గండిపేట చెరువు ఆలోచన చెప్పింది కూడా ఆయనేనని దానికి తోక. బెంగళూరు తెలుగువాళ్ళకు ఇదొక జబ్బు, పెద్దవాళ్ళెవరి పేరు విన్నా ఇంటిపేరు వెతుక్కుంటాం.

ఆ 1988 దసరా సెలవుల్లోనే మమ్మల్ని చూపిస్తానని బయల్దేరదీశాడు. డ్యాము లోపలికి పోవాలంటే పాసు కావాలి. ప్రెస్సుకు వచ్చే ఒకాయన రాయించి ఇచ్చాడు. అమ్మ తెల్లవారే లేచి చిత్రాన్నం, పెరుగన్నం కలిపి, ఊరమిరపకాయలు వేయించి, స్టీలు క్యారియరులో కట్టింది. కొత్తగా పేర్లు కొట్టించిన స్టీలు గ్లాసులు నాలుగు సంచీలో వేసింది. అప్పట్లో పాత్రల అంగట్లో కొన్న గిన్నె మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇచ్చేవాళ్ళు. మా ఇంట్లో గరిటెతో సహా అన్నిటి మీదా అమ్మ పేరే. అది కూడా తెలుగులో. వఠారంలో ఎవరింటికి పోయినా తిరిగి రావాలి కదా.

మాగడి బస్సులో కిటికీ పక్క సీటు కోసం తమ్ముడూ నేనూ తన్నుకున్నది గుర్తుంది. తావరెకెరె దాటాక రాగిచేలు, చింతచెట్లు. దిగినచోటు నుంచి నడక. ముందుగా కనిపించింది నీళ్ళు కాదు, దూరంగా సావనదుర్గం బండ, ఏనుగు పడుకున్నట్టు. ఆ తర్వాత మెట్లెక్కి కట్ట మీదికి వచ్చాం.

నేను అంతకు ముందు చూసిన పెద్ద నీళ్ళు హలసూరు చెరువు. దానికి అన్నివైపులా ఊరుంటుంది. ఇక్కడ ఎవరూ లేరు. రాతికట్ట, కట్ట అంచుదాకా నీళ్ళు, ఆ నీళ్ళు రెండు లోయల్లోకి రెండు చేతుల్లా చాచుకుని, మలుపు తిరిగి కనపడకుండా పోయాయి. గాలికి చిన్నచిన్న అలలొచ్చి రాతికి తగులుతుంటే, మా తొట్టి నిండేటప్పుడు వచ్చే చప్పుడులాంటిదే. నీటికాకులు రెక్కలు ఆరేసుకుని బండల మీద కూర్చున్నాయి. నాయన చెప్పులు విడిచాడు. గుళ్ళోకి పోయినట్టు విడిచాడు. ఎవరూ ఏమీ అనలేదు.

చేయి చాపి చూపించాడు. "ఆ పక్కనుంచి వచ్చేది అర్కావతి. నందికొండ బిడ్డ. మన పెన్న కూడా నందికొండ బిడ్డే. అక్క ఉత్తరానికి తిరిగి మన హిందూపురం మీదుగా నెల్లూరికి పోయింది. చెల్లెలు దక్షిణానికి తిరిగి ఇట్లొచ్చింది. ఇక్కన్నుంచి రామనగరం, కనకపుర దాటి సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది. అక్కను మనకిచ్చినారు, చెల్లెల్ని కావేరికిచ్చినారు."

"మరి కుముద్వతి?" అన్నాడు తమ్ముడు.

"అది శివగంగ కొండోళ్ళ పిల్ల. తోడికోడలు అనుకో."

అమ్మ ఇవేవీ వినడం లేదు. నీళ్ళకేసి చూస్తూ నిలబడి, చాలాసేపటికి, "ఇన్ని నీళ్ళు పెట్టుకుని మనకు మూడు బిందెలేనా?" అంది.

నాయన దగ్గర దానికీ జవాబుంది. ఊరేమో గట్టు మీద ఉంది, సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. నీళ్ళేమో దానికన్నా పల్లాన ఉన్నాయి. ఇక్కడ శుభ్రం చేసి, కరెంటు పంపులతో ముప్పై కిలోమీటర్ల పైన ఎగువకు తోస్తేగానీ మాగడి రోడ్డు నల్లిలో పడవు. కరెంటు పోతే దగ్గు కూడా రాదు. కావేరి సంగతి ఇంకా మేలు, వంద కిలోమీటర్ల నుంచి మూడు చోట్ల పంపులు పెట్టి, మొత్తం 500 మీటర్లు పైకెక్కించాలి. ఏటి ఒడ్డున ఊరు కడతారు ఎవరైనా. కెంపేగౌడ గట్టెక్కి కట్టాడు. ఆయన చెరువులు తవ్వించాడు కాబట్టి అప్పటికి సరిపోయింది. అమ్మ అంతా విని, "అయితే మన నీళ్ళు కొండెక్కి వస్తాండాయి" అంది. ఆ మాట తర్వాత ఆమె నాయన చేతుల నలుపుకు పట్టే చెంబులు లెక్కపెట్టలేదు. ఇది నేను ఇప్పుడు కల్పించుకుంటున్నానేమో కూడా తెలియదు. లెక్కపెట్టిన గుర్తు మాత్రం లేదు.

ఒడ్డున మెట్ల దగ్గర అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కాళ్ళు తడుపుకుందామని ఒక మెట్టు దిగింది. వాచ్‌మన్ పరుగున వచ్చాడు. మడకశిర మనిషట, మా మాట విని తెలుగులోనే అన్నాడు: "కాలు పెట్టొద్దమ్మా. ఊరంతా తాగే నీళ్ళు." అమ్మ మొహం ఎర్రబడింది. కాలు వెనక్కి తీసుకుని, వంగి, వేళ్ళు నీళ్ళకు తగిలించి కళ్ళకద్దుకుంది. అది చూసి ఆయనే కొంచెం తగ్గి మాకు నీటిమట్టం కొలిచే పట్టీ చూపించాడు. కట్ట రాతికి నిలువుగా, తెల్లరంగు మీద నల్ల అంకెలు, అడుగులు. నిండితే 74. అంటే లెక్కకు మూడు టీఎంసీల పైచిలుకు. టీఎంసీ అంటే ఎంతని తమ్ముడు అడిగితే వాచ్‌మనూ నాయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు నాయన ఒక పని చేశాడు. పట్టీ వైపు చూడకుండా, దాని కింద నీళ్ళలో కదులుతున్న నీడను చూస్తూ అంకెలు చదవడం మొదలుపెట్టాడు. నీడలో అవి తలకిందులు. మామూలుగా 7 అక్కడ ఏడులా ఉండదు, 4 నాలుగులా ఉండదు. ఈయన మాత్రం పేపరు చదివినట్టు గడగడా చదివేస్తున్నాడు. నేను పైన పట్టీలో సరిచూసుకుంటూ పోయాను, ఒక్కటీ తప్పలేదు. వాచ్‌మన్ నోరు తెరిచాడు.

"దీంట్లో ఏముందప్పా, నా పనే ఇది" అన్నాడు నాయన. సీసం అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. కంపోజిటర్ వాటిని స్టిక్కులో తలకిందులుగా నిలబెట్టి, ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోతాడు. తిరగబడ్డ అక్షరాన్ని తలకిందులు చేస్తే అచ్చం నీళ్ళలో నీడే. ముప్పై ఏళ్ళుగా ఆయన రోజుకు పది గంటలు చదువుతున్నది ఆ లిపినే. మామూలు పేపరు చదవడానికే నాకు కొంచెం ఆలస్యమవుతుంది అన్నాడు. ఆ మాటలో సగం నిజం, సగం వాచ్‌మన్ కోసం.

చింతచెట్టు కింద చిత్రాన్నం తిన్నాం. నీళ్ళు తాగడానికి ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్నాం. ఇక్కడి నుంచి కొండెక్కి మా ఇంటికొచ్చి, మళ్ళీ మాతో బస్సెక్కి దిగొచ్చిన నీళ్ళన్నమాట. నాయన ఆ సంగతి చెప్పి తనే నవ్వుకున్నాడు. తిరిగి పోయే ముందు ఇంకొకసారి కట్ట మీదికి పోయినప్పుడు తమ్ముడు గోడ మీద గ్లాసు పెట్టి వంగి చూశాడు. మోచేయి తగిలింది. గ్లాసు ఎండలో రెండుసార్లు మెరిసి, చిన్న చప్పుడుతో నీళ్ళలో పడింది. కాసేపు తెల్లగా కనపడింది, తర్వాత పచ్చగా, తర్వాత లేదు. తమ్ముడి వీపు మీద ఒకటి పడింది. బస్సులో అమ్మ ఒకటే మాట: "కొత్త గ్లాసు. పేరు కూడా కొట్టించినా." నాయన ఓదార్చడానికి, "పోనీలే, ఊరంతా నీ పేరు తాగుతాది" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు తెల్లవారుజామున నల్లి దగ్గినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు, "గ్లాసు వస్తాండాది" అనేవాళ్ళు. సేలం అక్కకు కూడా ఆ జోకు తెలిసిపోయింది. ఆవిడ అరవంలో అనేది.

మధ్యలో జరిగినవి అందరి ఇళ్ళలో జరిగేవే. ప్రెస్సులో సీసం పోయి కంప్యూటర్లొచ్చాయి, నాయన ప్రూఫులు దిద్దే పనికి మారి, తర్వాత అదీ మానేశాడు. తమ్ముడు దూరదేశం పోయాడు. మాకు సర్జాపుర రోడ్డులో ఫ్లాటు. 2011లో అమ్మ పోయింది.

ఆ మరుసటేడు, 2012 ప్రాంతంలో, టీజీ హళ్ళి నుంచి ఊరికి నీళ్ళు రావడం ఆగిపోయాయని పేపర్లో చదివి నాయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కారణాలు ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఎగువన ఊళ్ళలో వందల అడుగుల లోతు బోర్లు, పొలాల్లో రాగి పోయి నీలగిరి తోపులు, ఏటిలో ఇసుక తవ్వకాలు, చెరువుకు చెరువుకు మధ్య కాలువల మీద లేఔట్లు. వచ్చే కాసిన్ని నీళ్ళలో ఊళ్ళ మురుగూ ఫ్యాక్టరీల మురుగూ. డ్యాముకు నీళ్ళొచ్చే ప్రాంతాన్ని కాపాడాలని ప్రభుత్వం 2003లోనే జోన్లు గీసి ఉత్తర్వు తెచ్చింది. ఉత్తర్వులో తప్పేమీ లేదు. ఏరు దాన్ని చదువుకోలేదు.

2014 ఎండాకాలంలో పట్టుబట్టి నన్ను తీసుకెళ్ళమన్నాడు. ఈసారి పాసు లేదు. పల్లె దారిన పోయి చెరువు లోపలి అంచుకు చేరాం. అలలు తగలాల్సినచోట పగుళ్ళిచ్చిన మట్టి, మేకలు, ఎవరో వేసుకున్న దోసకాయ పాదులు. ఎక్కడో మధ్యలో పచ్చటి నీళ్ళు, గాలి ఇటు తిరిగినప్పుడు వాసన. ఒక కుర్రాడు ఆ నీళ్ళలో గేదెల్ని కడుగుతున్నాడు. నాకు మా అమ్మ వెనక్కి తీసుకున్న కాలు గుర్తొచ్చింది. నాయనకూ అదే గుర్తొచ్చిందేమో అడగలేదు. ఆయన కట్ట వైపు దూరంగా చూస్తూ, "ఆ గోడ కింద మట్టిలోనే ఉంటాది పాపా" అన్నాడు. ఏమిటని నేను అడగలేదు. చూపు ఆనకపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాం, ఎక్కడైనా మెరుస్తుందేమోనని.

ఇక 2022. ఆ ఏడు వానలు ఎట్లా కురిశాయో బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పక్కరలేదు. సెప్టెంబరు మొదటి వారంలో మా రోడ్డు మీద ట్రాక్టర్లలో జనాన్ని దాటించారు. మా బేస్‌మెంటులో కార్లు, సంపులో బురద. అదే వారం అక్కడ తొరెకాడనహళ్ళి దగ్గర కావేరి పంపుల్లోకే వరద వచ్చి ఊరికి నీళ్ళు ఆగాయి. చుట్టూ నీళ్ళు, నల్లిలో చుక్క లేదు. మూడో అంతస్తుకు బకెట్లు మోస్తుంటే నాయన సోఫాలో కూర్చుని, "గ్లాసు రాలేదా?" అన్నాడు. ఎనభై రెండేళ్ళ మనిషి, అంత గొడవలోనూ.

కొన్ని రోజులకు ఊరి నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోనుకు వీడియో పంపాడు. పెన్న. రెండు ఒడ్లూ తాకుతూ ఎర్రటి నీళ్ళు, ఒడ్డున జనం ఈలలు, ఎవరో ఆడమనిషి పసుపు కుంకుమ విసురుతోంది. నాయన ఆ నలభై సెకన్ల వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ఫోను నాకివ్వకుండానే అన్నాడు: "అక్క పారితే చెల్లెలు కూడా పారుంటాది. ఒకే కొండ వాన."

దసరా అయిన ఆదివారం పోయాం. గేటు దగ్గర కుర్రాడు లోపలికి వదలలేదు. వాడి తప్పేమీ లేదు, పాసు లేదు మరి. కొంచెం ఎగువకు పోయి, రోడ్డు పక్క ఎత్తుమీద కారాపితే నీళ్ళు కనిపించాయి. రెండు చేతులూ చాచుకుని లోయల్లోకి, 1988లో చూసినట్టే. దగ్గరికి పోతే ఎట్లుండేవో గానీ, అంత దూరం నుంచి మంచి నీళ్ళే. సావనదుర్గం బండ నీడ ఒక మూల నీళ్ళలో తలకిందులుగా పడి ఉంది.

నాయన చేతికర్ర నాకిచ్చి చెప్పులు విడిచాడు. తారురోడ్డు కాలుతోంది, వేసుకో నాయనా అంటే వినలేదు. కట్ట మొదలుకుని చివరిదాకా నెమ్మదిగా చూశాడు. 2014లో మట్టి కనిపించినచోట ఇప్పుడు గాలికి నీళ్ళు ముడతలు పడుతున్నాయి.

"ఇంక గ్లాసు దొరకదులే పాపా" అన్నాడు. అన్నాక చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు.